కింది పైపు చల్లగానే ఉంది

ఎండాకాలంలో బండి మరిగిందంటే ఎవరైనా నమ్ముతారు. షోలాపూర్ ఎండకు మనుషులే మరిగిపోతారు. కానీ మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వచ్చే చలిలో, రేడియేటర్ నిండా నీళ్లు పోసి బయలుదేరినా, ఐదారు కిలోమీటర్లు పోయేసరికి ఇంజన్ ఉడికిపోతోందని మా నాన్న చెబితే ఎవరూ నమ్మలేదు. సేటు నమ్మలేదు. బండి బాగుచేసే మిస్త్రీ నమ్మలేదు. మా అమ్మ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. ఈ చివరి మాట కాగితం మీద పెట్టడానికి నాకు ముప్ఫై ఏళ్లు పట్టింది.

ఎనభైల చివరి సంగతి. మేము కుంఠా నాకా దగ్గర ఒక గది ఇంట్లో ఉండేవాళ్లం. పక్క గోడ అవతల సాంచెలు నడిచేవి. పవర్‌లూమ్‌ను మావాళ్లు సాంచె అంటారు. ఆ చప్పుడు ఆగిపోతే కరెంటు పోయిందని తెలిసేది, అంతే తప్ప అది ఉందని విడిగా వినపడేది కాదు. అమ్మా నేనూ గడప దగ్గర చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్లం. నాకు అప్పుడు ఇరవై ఏళ్లు. నాన్న దాజీ పేట్‌లో ఒక సేటు కార్ఖానాకు బండి నడిపేవాడు. సేటు కూడా మా తెలుగువాడే, సిద్దిపేట వైపు నుంచి మా తాతల కాలంలోనే వచ్చిన కుటుంబం. నాన్న రోజూ పొద్దున్నే కార్ఖానాలో చాదర్ల మూటలు ఎక్కించుకుని హోట్గి రోడ్డులో ఉన్న గోదాముకు చేర్చి, అక్కడి నుంచి నూలు తెచ్చేవాడు.

ఆ బండి పాత డీజిల్ వ్యాను. సేటు చేతికి వచ్చేసరికే ఇద్దరి చేతుల్లో నలిగింది. ఇంజను రెండు సీట్ల మధ్య ఇనుప మూత కింద ఉండేది. వేడి చూపించే ముల్లు ఎప్పుడో విరిగిపోయింది. ఇంజను వేడెక్కిందంటే నాన్నకు ఎడమ కాలు కాలి తెలియాల్సిందే. కార్ఖానా సందు ఇరుకు కాబట్టి రాత్రి బండి మా ఇంటి ముందే నిలిపేవాడు.

నాన్నను ఎవరూ ఎందుకు నమ్మలేదో కూడా చెప్పాలి. అంతకు ఆరేడేళ్ల కింద ఆయన మరో సేటు టెంపో నడిపేవాడు. బాగా తాగేవాడు. ఒక రోజు తాగిన మత్తులో నీళ్లు చూసుకోకుండా అక్కల్‌కోట్ దాకా తోలాడు. ఇంజను పట్టేసింది. ఆ సంగతి పేటలన్నీ తిరిగింది. ఉద్యోగం పోయింది. ఆ తర్వాత నాలుగేళ్లు ఇంకా ఎక్కువ తాగాడు. చివరికి ఒక రోజు, ఎవరూ ఒట్టు పెట్టించకుండానే, మానేశాడు. నేను చెబుతున్న చలికాలం నాటికి మానేసి రెండేళ్లయింది. అయినా సాయంత్రం ఆయన ఇంట్లోకి వచ్చి చెప్పులు విప్పుతుంటే అమ్మ ఏదో పని ఉన్నట్టు దగ్గరికి పోయేది. చెంబు అందిస్తున్నట్టో, తువ్వాలు ఇస్తున్నట్టో. వాసన చూడటానికని ఆయనకు తెలుసు. తెలిసీ ఆ క్షణం కదలకుండా నిలబడేవాడు.

దీపావళి పోయాక మా పెదనాయన దినాలకు నాన్న ఊరికి వెళ్లి పది రోజులుండి వచ్చాడు. ఆయన వచ్చిన రెండో రోజే బండి హోట్గి రోడ్డు మీద మరిగింది. ముందు జాలీలోంచి ఆవిరి బుసబుసా లేచింది. నాన్న ఆపి, చల్లారేదాకా కూర్చుని, నీళ్లు పోసుకుని గోదాముకు చేరాడు. మూటలు ఆలస్యంగా అందాయి. రెండు రోజులకు మళ్లీ అదే. తర్వాత రోజూ అదే.

ఇంటికొచ్చి చెప్పాడు. "నీళ్లు నిండ పోస్తున్న. అయినా ఉడుకుతున్నది. ఏందో సమజైతలేదు."

అమ్మ చాటలోంచి తల ఎత్తలేదు. నేను ఎత్తాను. "నీళ్లు పోయనీకి గూడ యాది ఉంటలేదా బాపూ?" అన్నాను. పక్కింటి వాళ్లకు వినపడేంత గట్టిగా. ఆయన నా వైపు చూసి, అన్నం ముందు కూర్చుని, తిని, లేచి వెళ్లిపోయాడు. మరుసటి రోజు ఆయన స్నానానికి పోయినప్పుడు నేను చొక్కా జేబులు వెతికాను. తువ్వాలు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. డీజిల్ వాసన, చెమట వాసన తప్ప ఏమీ లేదు. లేకపోతే సంతోషించాలి కదా. నాకు ఇంకా కోపం వచ్చింది, ఎంత తెలివిగా దాస్తున్నాడో అని.

మిస్త్రీ చూసి ఇంజను హెడ్ పోయిందన్నాడట. నీళ్లు లేకుండా తోలితే ఇంతే అవుతుందని సేటుకు చెప్పాడు. సీజన్ నడుస్తోంది, ఇప్పుడు ఇంజను విప్పితే వారం రోజులు బండి నిలిచిపోతుంది కాబట్టి సంక్రాంతి దాకా ఎలాగో నడిపించమన్నాడు సేటు. నాన్న తనకు చేతనైనదంతా చేశాడు. రాత్రి బండి కింద పాత మరాఠీ పేపర్లు పరిచి పొద్దున చూసేవాడు, ఎక్కడైనా కారుతోందేమోనని. పేపర్లు పొడిగానే ఉండేవి. ఒక రోజు ముందు జాలీ తీసి చూస్తే రేడియేటర్ మీద దూది పొర కట్టి ఉంది. కార్ఖానాల మధ్య తిరిగే బండి కదా, ఎగిరే దూదంతా గాలితో పాటు లోపలికి లాగేస్తుంది. నాన్న గంటసేపు కూర్చుని బట్టల బ్రష్‌తో, అమ్మ తల దువ్వెనతో ఆ దూదిని తీశాడు. రెండు చేతుల నిండా వచ్చింది. ఇదే అయ్యుంటుందని ఆ పూట ఆయన మొహం వెలిగింది. మరుసటి రోజు బండి మళ్లీ అదే చోట మరిగింది. దువ్వెన పాడు చేశాడని అమ్మ తిట్టింది.

ఒక రాత్రి అమ్మ నాతో మెల్లగా అంది. "రేపు నువ్వు బండిల పో. బీడీలియ్యనీకి కంపెనీ బ్రాంచికి పోతున్న అని చెప్పు. నీళ్లు పోస్తుండో లేదో, మధ్యల యాడన్న ఆగుతుండో చూసి రా."

నేను వెంటనే ఒప్పుకున్నాను. ఆయన్ను పట్టుకోవాలని నాకూ ఉంది.

పొద్దున ఆరున్నరకు బయలుదేరాం. దారి పొడుగునా చలిమంటలు. నాన్న మఫ్లర్ చెవులకు చుట్టుకున్నాడు. నేనెందుకు వస్తున్నానో ఆయనకు తెలిసిపోయిందని నాకు అనిపించింది. దాజీ పేట్‌లో కార్ఖానా ముందు బండి ఆపి దిగాడు. అక్కడ పనివాళ్ల మీద అజమాయిషీ చేసే ముకద్దం కోతిటోపీ పెట్టుకుని, చాయ్ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాన్న బకెట్‌తో నీళ్లు తెచ్చి రేడియేటర్ మూత తీశాడు. ముకద్దం దగ్గరికొచ్చి నీళ్లు ఎంతున్నాయో అందులో పుల్ల ముంచి చూశాడు. నాన్న పైదాకా నీళ్లు పోసి మూత బిగించాడు. నేను బండిలోంచి చూస్తున్నాను. నీళ్లు నిండుగా ఉన్నాయి. ఇక మూటలు ఎక్కించడానికి పోతాడనుకున్నాను.

పోలేదు. ముకద్దం ముందు నిలబడ్డాడు.

"హా అను," అన్నాడు ముకద్దం.

నాన్న ఒక్కసారి బండి వైపు, నా వైపు చూశాడు. తర్వాత మఫ్లర్ కిందికి లాగి నోరు తెరిచాడు. ముకద్దం వంగి వాసన చూశాడు. కార్ఖానాలోకి పోతున్న పనివాళ్లు ఆగి చూశారు. ఇద్దరు నవ్వుకున్నారు. వాళ్లకు అది రోజూ చూసే పనే. ముకద్దం "హా, జా" అని చెయ్యి ఊపాడు. యాభై ఏళ్ల మా నాన్న నోరు మూసుకుని, మఫ్లర్ సర్దుకుని, మూటలు ఎక్కించడానికి వెళ్లాడు.

దిగి ఆ ముకద్దం చేతిలోని గ్లాసు లాగి వాడి మొహాన కొట్టాలనిపించింది. కానీ దిగలేదు. అదే పని మా ఇంట్లో అమ్మ రోజూ చేస్తోంది. మొన్న నేను తువ్వాలుకు చేశాను. ఇక నేను ఏ మొహంతో దిగాలి?

బండి హోట్గి రోడ్డు ఎక్కాక అడిగాను.

"ఎన్ని దినాల సంది చేస్తున్నరు గిట్ల?"

"దీపావళి అయినంక."

"మాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏం చేస్తరు?" అన్నాడు రోడ్డు మీంచి కళ్లు తీయకుండా. "ఇంట్ల గూడ చూస్తనే ఉన్నరు గద."

బయట తెల్లగా మంచు, లోపల నా కాలి పక్కన ఇనుప మూత అప్పటికే తాకలేనంత వేడెక్కింది. ఇంకాస్త దూరం పోయాక నాన్న "వచ్చింది" అన్నాడు. జాలీలోంచి ఆవిరి లేచి అద్దం మీదికి వచ్చింది. బండి పక్కకు తీసి ఆపాడు. దిగి, చేతులు కట్టుకుని దాని ముందు నిలబడ్డాడు. అలవాటైపోయిన మనిషి నిలబడినట్టు.

"ఏమన్న చెయ్యి బాపూ," అన్నాను.

"ఏం చేస్త? సల్లగయ్యేదాంక ఆగాలె. విప్పొద్దన్నడు సేటు."

"విప్పకుంటె చూడొచ్చు గద!"

నా కోపం ఎవరి మీదో నాకే తెలియని స్థితిలో, సీట్ల మధ్య మూత ఎత్తాను. వేడి మొహానికి కొట్టింది. "చెయ్యి కాలుతది బిడ్డా" అని నాన్న అరుస్తున్నా వినకుండా కొంగు చేతికి చుట్టుకుని, ఇంజను పైనుంచి రేడియేటర్‌కు పోయే పై పైపు పట్టుకున్నాను. గుడ్డలోంచి కూడా కాలింది. కిందికి దిగి, ముందు వైపు నుంచి వంగి, రేడియేటర్ అడుగున ఇంజనులోకి పోయే పైపు పట్టుకున్నాను. అదీ కాలుతుందనే అనుకున్నాను. కాలలేదు. కొంగు తీసి ఒట్టి చేత్తో పట్టుకున్నాను.

"బాపూ, ఇది సల్లగున్నది."

"ఏది?"

"కింది పైపు. నల్లా నీళ్ల లెక్క సల్లగున్నది. రేడియేటర్ అడుగు గూడ."

ఆయన వచ్చి మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పెట్టాడు. తీశాడు. మళ్లీ పెట్టాడు. పై పైపు ముట్టుకుని చెయ్యి విదిలించుకున్నాడు. నెలన్నర నుంచి ఎప్పుడు మరిగినా ఆయన ఆవిరి వచ్చే చోటే చూశాడు, నీళ్లు పోసే చోటే చూశాడు. చల్లగా ఉన్న చోట చెయ్యి పెట్టాలని ఎవరికి తోస్తుంది?

"నీళ్లు తిరుగుతలేవు," అన్నాడు చివరికి. "ఇంజన్ల నీళ్లు ఇంజన్ల్నే ఉడుకుతున్నయి. ఇందుల నీళ్లు ఇందుల్నే ఉన్నయి. నిండ పోస్తే ఏం ఫాయిద?"

"మరి హెడ్ పోయిందన్నడు గద మిస్త్రీ?"

"హెడ్ పోతే ఇది గింత సల్లగ ఎట్లుంటది?" ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు మారింది. నేను చాలా ఏళ్ల తర్వాత విన్న గొంతు అది. తనకు తెలిసిన పని గురించి మాట్లాడే మనిషి గొంతు.

కార్ఖానా సెలవు రోజు పొద్దున్నే, బండి బాగా చల్లగా ఉండగానే నాన్న రేడియేటర్ మూత తీసి, నన్ను ఇంజను స్టార్ట్ చేయమన్నాడు. తాళం ఎటు తిప్పాలో చెప్పాడు. బండి దగ్గి దగ్గి అందుకుంది. నాన్న రేడియేటర్ నోట్లోకి తొంగి చూస్తూ నిలబడ్డాడు.

"ఇటు రా, చూడు. నీళ్లు కదుల్తున్నయా?"

కదలడం లేదు. ఇంజను అదురుకు పైన సన్నగా వణుకుతున్నాయి, అంతే.

"ఈ బండి నేను రెండేండ్ల సంది నడుపుతున్న. ఇంజన్ చాలు జెయ్యంగనే ఇందుల నీళ్లు గిర్రున తిరుగుతుండె. మూత తీస్తే కండ్లకు కనబడుతుండె. కార్ఖానల ఇంజన్ బంద్ జేసి నీళ్లు పోయమంటరు, పోస్త, మూత పెడ్త. గిది చూసుకోనే లేదు."

నీళ్లు తిప్పే పంపు పోయి ఉంటుందని ఆయన మొదటి అనుమానం. అది తేలాలంటే విప్పాలి. విప్పొద్దని సేటు అన్నాడు. నాన్న పానా చేతిలో పట్టుకుని బండి ముందు తిరుగుతున్నాడు. ఆ తిరగడం చూస్తుంటే నాకు మండిపోయింది.

"విప్పు," అన్నాను.

"బండి మనది గాదు."

"నోరు మనదే గద. అది విప్పుతలేవా రోజు?"

అనకూడని మాట. అన్నాక నాకే తెలిసింది. అమ్మ గడపలోంచి "ఏందే ఆ మాట" అంది, ఏమీ అర్థం కాక. ముకద్దం సంగతి ఆమెకు నేను ఇంకా చెప్పలేదు. నాన్న నన్ను తిట్టలేదు. వంగి, పై పైపు ఇంజనుకు అంటుకునే చోట ఉన్న చిన్న మూతకు పానా పెట్టాడు. రెండు బోల్టులు. మూత లేచింది. దాని కింద చిన్న ఇత్తడి గిన్నెలాంటిది, మధ్యలో స్ప్రింగుతో, దారికి అడ్డంగా కూర్చుని ఉంది.

నాన్న వంగి దాన్ని దగ్గరగా చూశాడు.

"ఇది ఈ బండిల లేకుండె," అన్నాడు.

అది థర్మోస్టాట్ అని, ఇంజను వేడెక్కేదాకా నీళ్లను ఆపి, వేడెక్కాక తెరుచుకుని వదలాలని చెప్పాడు. మా ఊరి ఎండలకు ఇది ఎందుకని చాలామంది తీసేసి నడుపుతారట. ఈ బండిలోదీ ఎప్పుడో తీసేశారు. రెండేళ్ల కింద పైపు మార్చినప్పుడు నాన్న స్వయంగా చూశాడు, అక్కడ ఖాళీ. ఇప్పుడు ఉంది. ఆయన దాన్ని పెళ్లగించి బయటికి తీశాడు. కొత్తది కాదు. అంచుల్లో పాత తుప్పు, వేరే బండి మడ్డి. చాదర్ల డబ్బా అట్ట కత్తిరించి, గ్రీజు పూసి, వాషర్‌లాగా వేసి మూత మళ్లీ బిగించాడు. నీళ్లు నింపి, స్టార్ట్ చేయమన్నాడు. నేను తాళం తిప్పి పరిగెత్తుకుంటూ ముందుకు వచ్చాను. రేడియేటర్ నోట్లో నీళ్లు గిర్రున తిరుగుతున్నాయి.

పంపు బాగుంది. హెడ్ బాగుంది. నెలన్నర పాటు ఒక మనిషి పరువు తీసింది నా అరచేతిలో పట్టే ఆ ఇత్తడి ముక్క.

ఆ ముక్క పాడైందని ఖాయం చేసుకోవాలన్నాడు నాన్న. వేడి నీళ్లలో వేస్తే తెరుచుకోవాలట. చాయ్ గిన్నెలో వేసి స్టవ్ మీద పెట్టాను. తాగే గిన్నెలో బండి సామాను వేస్తావా అని అమ్మ లేచింది. తర్వాత తనూ వచ్చి కూర్చుంది. ముగ్గురం స్టవ్ చుట్టూ కూర్చుని చూశాం. నీళ్లు వేడెక్కాయి, బుడగలొచ్చాయి, తెర్లాయి. ముక్క గిన్నె అడుగున గడగడా కొట్టుకుంది కానీ తెరుచుకోలేదు. నీళ్లు సగం ఇగిరేదాకా ఉంచాం. గట్టిగా మూసుకునే ఉంది.

"అయితె నువ్వు నీళ్లు పోసినవ్," అంది అమ్మ. ప్రశ్నలా కాదు.

"రోజు పోసిన," అన్నాడు నాన్న.

అప్పుడు నేను ముకద్దం సంగతి అమ్మకు చెప్పాను. నాన్న నన్ను ఆపబోయాడు, నేను ఆగలేదు. అమ్మ లేచి బయటికి వెళ్లి, చాట ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరించకుండా ఊరికే కూర్చుంది. ఆ సాయంత్రం నాన్న అలా తిరిగొచ్చి చెప్పులు విప్పుతుంటే ఆమె పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. ఆ రోజు నుంచి మళ్లీ ఎన్నడూ దగ్గరికి పోయి చూడలేదు. క్షమించమని ఆమె అడగలేదు. నేనూ అడగలేదు.

మరుసటి పొద్దున నాన్న ఆ ముక్కను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. నన్ను రావద్దన్నాడు. నేను వెళ్లి బండిలో కూర్చున్నాను.

కార్ఖానాలో సేటు తన గదిలో పేపర్ చదువుతున్నాడు. మిస్త్రీ కూడా అక్కడే ఉన్నాడు, మోటారు ఏదో చూడటానికి వచ్చాడట. నాన్న వాకిట్లో నిలబడి, కాగితం విప్పి, జరిగిందంతా వినయంగా చెప్పాడు. సేటు ఆ ముక్కను వేలితో కూడా ముట్టలేదు.

"బండి విప్పమని నీకెవరు చెప్పిండ్రు?"

"విప్పకుంటె తెలుస్తలేకుండె సేట్."

"అది నేనే పెట్టించిన. నువ్వు ఊరికి పోయినప్పుడు బదిలీ డ్రైవర్, పొద్దుగాల చలికి బండి పికప్ లేదు, పొగ కొడుతున్నదన్నడు. మిస్త్రీకి చెప్పి ఏపిచ్చిన."

నేను వెనకాలే వచ్చి గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ఆయనకు తెలుసు. కొత్తగా ఏదో వేయించాడని తెలుసు, వేయించిన వారం నుంచే బండి మరుగుతోందని తెలుసు. ఆ రెండూ కలిపి చూడాలని ఆయనకు తోచలేదు. తోచాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే చేతిలో తాగుబోతు డ్రైవరు ఉన్నాడు.

"పెట్టించినట్టు చెప్పలేదు గద సేట్," అన్నాడు నాన్న మెల్లగా.

"నీకు చెప్పి చెయ్యాల్నా?"

మిస్త్రీ అందుకున్నాడు. "పీస్ అచ్ఛా థా సేట్. ఉబాల్ ఉబాల్‌కే ఖరాబ్ కర్ దియే ఇనో."

మంచి ముక్కను మేము ఉడకబెట్టి పాడు చేశామట. ఇక నేను ఆగలేకపోయాను.

"ఉడుకు నీళ్లలనే పని జేసేదానికి ఉడుకు నీళ్లల ఖరాబైతదా?" అన్నాను. "పాతది తెచ్చి పెట్టినవ్. హెడ్ పోయిందని అబద్ధం చెప్పినవ్. సేట్, నెలన్నర సంది రోజు పొద్దుగాల మా బాపు నోరు వాసన చూస్తున్నరు అందరి ముంగట. దానికేమంటరు మీరు?"

సాంచెల చప్పుడులో కూడా ఆ మాట వినపడింది. నూలు కండెలు చుట్టే ఆడవాళ్లు తలలు తిప్పారు. సేటు నా వైపు చూడలేదు. నాన్న వైపు చూశాడు.

"ఆడపిల్లను ఎంటేసుకొని లొల్లికి వస్తున్నవా?"

నాన్న మొహం నల్లబడింది. "బండిల కూసో పో," అన్నాడు నాతో. నేను కదల్లేదు. "పో అంటున్న గద!" అని అరిచాడు. రెండేళ్లలో నా మీద అరవడం అదే మొదటిసారి. వెళ్లి కూర్చున్నాను. సేటు చివరికి అన్న మాట ఏమిటంటే, బండి నడుస్తోంది కదా, నడుపు. అంతే. తప్పు జరిగిందని ఆయన నోట రాలేదు, మిస్త్రీ నోట రాలేదు.

బండి ఆ రోజు మరగలేదు. హోట్గి రోడ్డంతా సాఫీగా పోయింది. గోదాము దగ్గర మూటలు దింపాక నాన్న అన్నాడు. "నా ఇజ్జత్ తీసినవ్ బిడ్డా. గా మాట ఇంటిదాంక రాకుండ చూసుకున్న. నువ్వు తీస్కపోయి వాకిట్ల పెట్టినవ్."

"తీసింది నేనా?" అన్నాను. "వాళ్లు గాదా?"

నాలుగైదు రోజులు నాతో మాట్లాడలేదు. నాకూ పంతం వచ్చింది, నేనూ మాట్లాడలేదు. అప్పుడు నాది న్యాయమనుకున్నాను. ఇప్పటికీ చాలావరకు అదే అనుకుంటాను. కానీ ఆ మాట అంతమందిలో అనే హక్కు నాకు ఉందా లేదా అన్నది నాకు ఇంకా తేలలేదు.

మా వాడలోనే ఉండే ఒక ఆవిడ ఆ కార్ఖానాలో కండెలు చుట్టేది. వారం తర్వాత ఆమె బీడీ ఆకు అప్పు అడగడానికి వచ్చి మాటల్లో చెప్పింది. ముకద్దం ఇంకా వాసన చూస్తూనే ఉన్నాడట. "అదొక ఆదత్ పడ్డది వాళ్లకు," అంది. మా నాన్న ఇంకా నోరు తెరుస్తూనే ఉన్నాడు. బండి బాగైంది, కారణం దొరికింది, అందరికీ తెలిసింది, అయినా ఆ ఒక్కటి ఆగలేదు. ఆ రాత్రి నాకు సేటు మీద కంటే ముకద్దం మీద కంటే నాన్న మీద ఎక్కువ కోపం వచ్చింది. ఎదురుగా కూర్చుని తింటున్న ఆయన నోటి వైపు చూడలేక చూపు తిప్పుకున్నాను.

సంక్రాంతి పోయిన తర్వాత ఒక రోజు మధ్యాహ్నం నాన్న నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. బండి లేదు. కాళ్లు కడుక్కుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"బండేది?" అంది అమ్మ.

"ఇడిచిపెట్టిన."

మేమిద్దరం చాటలు పక్కన పెట్టాం. ఆయన తీరుబడిగా చెప్పాడు. పొద్దున ముకద్దం ఎప్పటిలాగే హా అను అన్నాడట. తెరుద్దామనే అనుకున్నాడట. కానీ నోరు తెరుచుకోలేదట. ముకద్దం మళ్లీ అన్నాడట. "నాకే తెల్వదు ఎందుకో. తెరుసుకోలే," అన్నాడు నాన్న. నోరు తెరవకుండానే మూటలు ఎక్కించుకుపోయి గోదాములో దింపి, నూలు తెచ్చి కార్ఖానాలో దించి, రేడియేటర్‌లో నీళ్లు చూసి, అప్పుడు సేటు గదికి పోయి తాళం ఇచ్చేశాడట. రావాల్సిన జీతం మాట కూడా ఎత్తలేదు.

"ఏమన్నవ్ సేటును?" అని అడిగాను. కనీసం ఒక్క మాటైనా అని ఉంటాడని నా ఆశ.

"ఏమనలే. తాళం చేతికిచ్చిన. నమస్తే పెట్టి వచ్చిన."

"నమస్తే ఎందుకు పెట్టినవ్?"

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. నాన్న నా వైపు చూసి, ఇంత చిన్న సంగతికి ఇంత కోపమా అన్నట్టు నవ్వాడు. అన్నం పెట్టమని అమ్మను అడిగాడు. తిన్నాక చాప వేసుకుని పడుకుని సాయంత్రం దాకా లేవలేదు.

ఫాల్గుణంలో ఆయనకు ఒక ట్రాన్స్‌పోర్టులో లారీ దొరికింది. పన్నెండేళ్లు నడిపాడు, మళ్లీ మందు ముట్టలేదు. ఆ సేటు తర్వాత మావాళ్ల పెళ్లిళ్లలో, చావుల్లో చాలాసార్లు ఎదురయ్యాడు. నాన్న ప్రతిసారీ లేచి చేతులు జోడించేవాడు. నేను ఆయన పక్కనే కూర్చుని ఉండేదాన్ని, లేచేదాన్ని కాదు.